కృతజ్ఞతలు చెప్పి చెడ్డదాన్నైన వైనం

ఆ రోజుల్లో, ఉక్కు ప్లాంటు పనికి వలసొచ్చిన తెలుగువాళ్లుండే మా క్యాంప్ 1 సందులో ఒకరి బిడ్డ పరిగెడితే పది ఇళ్లకు ఆయాసం వచ్చేది. నేనైతే పరిగెత్తడం కూడా కాదు, నడిచేదాన్ని. నడక పందెంలో ఎప్పుడూ ఏదో ఒక పాదం నేలమీద ఉండాలి. రెండూ ఒక్కసారి లేచాయంటే జడ్జీలు ఎర్ర కార్డు రాస్తారు, మూడు పడితే బయటికి పంపేస్తారు. నడుము తిప్పుకుంటూ ఆ నడక నడుస్తుంటే ప్లాంటుకు పోయే సైకిళ్లవాళ్లు మొదట్లో తిరిగి తిరిగి చూసి నవ్వేవారు. (ఒకాయన అలా చూస్తూనే కరెంటు స్తంభాన్ని గుద్దేశాడు. తప్పు నాది కాదు.) తర్వాత మా సందు నన్ను దత్తత తీసేసుకుంది. పక్కింటి అత్త రోజూ పొద్దున్నే గ్లాసుడు చోడి అంబలి, అదే రాగిజావ, పట్టేది. ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన ఎదురింటి మావయ్య, మా స్టాప్‌వాచ్ మావయ్య, సైకిల్ మీద నా వెనకే వస్తూ నా పాదాల మీంచి చూపు తిప్పేవాడు కాదు. "కాలు లేచిందే, పిల్లా!" అని ఆయన కేకేస్తే సందంతా నిద్ర లేచేది.

రాష్ట్ర జట్టు సెలక్షన్ మూడు వారాలుందనగా మా కోచ్ దీదీ ఏదో శిక్షణకు వెళ్లొచ్చింది. ఆటగాళ్ల మనసు బాగుండాలంటే తమకు అండగా నిలిచినవాళ్లకు ఎదురుగా వెళ్లి కృతజ్ఞత చెప్పాలట, అదీ "దిల్ సే". నేను గురువు మాట జవదాటని శిష్యురాలిని. పుట్టి పెరిగింది హిందీ మాట్లాడే ఊళ్లో కాబట్టి, హిందీలో అయితే గడగడా చెప్పేసేదాన్ని. కానీ తెలుగులో చెబితేనే మర్యాద కదా అని, టీవీ వార్తల్లో విన్న తెలుగంతా పోగేసుకుని, చేతులు జోడించి, "అత్తా, మీరు చేసిన సహాయానికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు" అన్నాను. అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏటే, ఎవులైనా ఏటైనా అన్నారేటే? మీరంటన్నావు, దండం పెడతన్నావు! మేం పరాయోళ్లమైపోనామా?" అని లోపలికెళ్లిపోయింది. మర్నాడు అంబలి లేదు.

మావయ్య దగ్గర ఇంకా శ్రద్ధగా చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. "సరేలే అమ్మా. నాను రిటైరైన రోజు కూడా ఇలాగే దండేసి థాంక్యూ అన్నారు. మర్నాడు గేటు లోపలికి రానివ్వలేదు. నాకర్థమైందిలే" అని సైకిల్ తీసుకెళ్లి వసారా గోడకి చేర్చేశాడు. అప్పటికీ నాకు బుర్ర వెలగలేదు. కృతజ్ఞత చెప్పాల్సినవాళ్ల పేర్లు రాసుకున్న నోటుపుస్తకంలో ఇద్దరి పేర్ల పక్కనా టిక్కు పెట్టుకున్నాను.

పదిరోజులు ఒంటరిగా నడిచాను. కాలు లేస్తోందో లేదో చెప్పే దిక్కు లేదు. దీదీ ముగ్గురు సీనియర్లను జడ్జీలుగా నిలబెట్టి ట్రయల్ పెడితే, ముగ్గురూ తలో ఎర్ర కార్డు రాశారు. "సెలక్షన్‌లో ఇలాగే నడిస్తే ఇంటికే, బేటా" అంది దీదీ. నేను ఇంటికొచ్చి ఏడుస్తూ జరిగిందంతా చెబితే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "దేవుడికి దండం పెట్టీసి ఇంటికొచ్చీస్తాం. మనిషికి పెడితే ఆళ్లు మాత్రం ఏటనుకుంటారే? ఇంక మనతో పని లేదనుకుంటారు. వెళ్లి ఏదో ఒకటి అడుగు."

సిగ్గు చంపుకుని అత్త వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. "అంబలేదీ? రేపట్నుంచి రెండు గ్లాసులు గావాల. ఉల్లిపాయ కూడా." "నన్నేటి, నీ వంటమనిషిననుకున్నావేటే?" అని గయ్యిమంటూనే అత్త గ్లాసు నా చేతిలో పెట్టేసింది. ఎదురింటికెళ్లి, "మావయ్యా, రేపు ఐదింటికి రాపోతే నేనూరుకోను. ఆ సైకిల్ గొలుసుకి నూనె రాయి, కిర్రుమంటే నా నడక తప్పతంది" అన్నాను. ఆయన మొహం చేటంతయింది. "సెలక్షన్‌కీ రావాలేటి?" "నువ్వు రాపోతే నేనూ వెళ్లను."

రాయ్‌పూర్‌లో సెలక్షన్. ఆఖరి చుట్టు మొదలయ్యేసరికే నాకు రెండు ఎర్ర కార్డులు పడ్డాయి. మలుపు దగ్గర జడ్జీ నిలబడి ఉన్నాడు. సరిగ్గా అక్కడే, "కాలు లేచిందే, పిల్లా!" అని మావయ్య గావుకేక పెట్టాడు. "అరే అంకుల్, మీ అమ్మాయిని మీరే పట్టిస్తారా!" అని పక్కవాళ్లు తలలు బాదుకున్నారు. జడ్జీ గిరుక్కున తిరిగేసరికి నా పాదం నేలను అంటుకుంది. చాలాదూరం వంగి మరీ చూశాడు, కార్డు రాయలేదు. ఇద్దరిని తీసుకునే జట్టుకు రెండోదాన్నయ్యాను. గీత దాటి రొప్పుతూ చేతులు జోడించబోయి ఆపుకుని, "ఆకలేస్తంది, ఏదైనా కొనిపెట్టు" అన్నాను. ఆయన నా భుజం పట్టుకుని సమోసాలవాడికి గర్వంగా చెప్పాడు: "మా పిల్లే! దీని కాలు లేస్తే జడ్జీ కన్నా ముందు నాకే తెలుస్తాది!" ఆ తర్వాత మెడలో చాలా పతకాలే పడ్డాయి గానీ, ఆ మాటకు పొంగినట్టు నా గుండె మళ్లీ పొంగలేదు.

ఇప్పుడు నేనే కోచ్‌ని. మొన్న నా దగ్గర నేర్చుకునే పిల్ల ఒకత్తె వచ్చి, చేతులు జోడించి, "థాంక్యూ మేడమ్, ఇదంతా మీ వల్లే" అంది. కృతజ్ఞత గురించి వాళ్లకు పాఠం చెప్పింది నేనే. అయినా గుండె జారిపోయి, "ఏటే, ఇంకో కోచ్ దొరికిందేటే?" అని అడిగేశాను.