లాంజ్‌లో పుక్కిట పట్టిన గుటక

మొన్న మా అమ్మాయితో కలిసి విమానం ఎక్కవలసి వచ్చినప్పుడు, తన బ్యాంకు కార్డు చూపించి నన్ను కూడా లాంజ్‌లోకి తీసుకెళ్లింది. అక్కడ పెళ్లి భోజనాల దగ్గరలాగా జనం పళ్లేలు పట్టుకుని వరుస కట్టి ఉన్నారు. ఒక మూల కుర్చీ దొరకబుచ్చుకుని కూర్చున్నాక, ఇలాంటి గదిలోనే నా ప్రాణం సగం పోయి తిరిగొచ్చిన ఒక మధ్యాహ్నం గుర్తుకొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

అవి శంషాబాద్ విమానాశ్రయానికి ఇంకా కొత్త వాసన పోని రోజులు. నేను అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో ఫీల్డ్ అసిస్టెంటుగా బండి మీద తిరిగేవాణ్ణి. మలేషియా తోటలు చూసిరావడానికి నాతోపాటు ఒక రైతును పంపుతామని పైవాళ్లు అంటే, దమ్మపేట దాటాక అడవి అంచున ఉండే ఒక కోయ పెద్దాయన పేరు చెప్పాను. నేను ఆయన్ని పెద్దయ్యా అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు కానీ, గెల ఎప్పుడు కోతకొచ్చిందో చెట్టు కింద నిలబడి చెప్పడం నాకు నేర్పింది ఆయనే.

ఆయన ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. మామిడి పండుగ చేసి, తొలి కాయలు వేల్పులకూ పెద్దలకూ పెట్టేదాకా ఆ ఏటి మామిడిని ఎవరూ నోట పెట్టరు, చెట్టు కింద రాలినా ఏరుకోరు. ఆ పూజ చేసే చేతులు ఈయనవే కాబట్టి, ఈయన నాలుకకే ముందు తగిలితే ఊళ్లో పిల్లాజెల్లకు కీడని ఆయన భయం. మాది చర్చికి వెళ్లే ఇల్లే అయినా, ఆ ఊళ్లో అన్నేళ్లు తిరిగినవాణ్ణి, ఇదంతా నాకు తెలియనిది కాదు. మేం బయల్దేరింది ఫాల్గుణంలో, పండుగకు ఇంకా నెల పైనే ఉంది.

విమానంలో మా తరగతి సీట్లు నిండిపోయాయని మమ్మల్నిద్దర్నీ పై తరగతికి మార్చి, లాంజ్‌కి చీటీలు కూడా ఇచ్చారు. గొప్పవాళ్లు కూర్చునే చోటు కదా, నా కాళ్లు నేల మీద ఆగలేదు. ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి, మర్యాద చేస్తున్నాననుకుంటూ పొడుగాటి గ్లాసు నిండా చల్లటి మామిడి రసం తెచ్చి చేతికిచ్చాను. ఆయన ఒక్క గుక్క తీసుకుని అలాగే ఆగిపోయాడు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి, కళ్లు నా మీదే ఉన్నాయి. ఉమ్మితే తప్పు ఒప్పుకున్నట్టు, మింగితే తప్పు చేసినట్టు.

అప్పుడు గానీ నాకు పండుగ సంగతి గుర్తు రాలేదు. నారింజ రసమని చెప్పేద్దామా అనిపించిన మాట నిజం, దాచడం ఎందుకు. కానీ ఆ రుచి తెలియని మనిషా ఆయన? పైగా నన్ను నమ్మి ఊరు దాటి వచ్చిన మనిషి. పరుగున కౌంటరు దగ్గరికి వెళ్లి, ఆ రసం ఎప్పటి పండ్లదని అక్కడి అమ్మాయిని అడిగాను. ఫిర్యాదు చేయడానికి వచ్చాననుకుందేమో పాపం, గొంతు తగ్గించి, ఇది తాజా రసం కాదండీ, డబ్బాలోది అని నసిగింది. డబ్బా తెప్పించి తేదీ చూశాను. పోయినేడు ఎండాకాలంలో తయారైంది. పాతదని తెలిసి అంత సంతోషించిన మనిషిని ఆ అమ్మాయి మళ్లీ చూసి ఉండదు.

డబ్బా పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టి, అక్షరం అక్షరం చదివి వినిపించాను. చదువు రాని ఆయన డబ్బా వైపు చూడలేదు, నా మొహమే చూశాడు. చాలాసేపు చూసి గుటక వేశాడు.

"పోయినేటిదైతే పోయినేటి పండుగల మేం కొలిచిన కాయల లెక్కే. గింతదానికి గట్ల ఉరుకుతవేంది సారూ," అన్నాడు. గ్లాసు ఖాళీ చేసి, "ఇంకోటి తే," అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. విమానం తప్పిపోయినా ఇంకో విమానం వస్తుంది, ఆయన ఆ మొహంతో ఊరికి తిరిగి వెళ్లి ఉంటే ఆ గడపలోకి నేను మళ్లీ కాలు పెట్టగలిగేవాణ్ణి కాదు.

మలేషియాలో ఏం చూశామో ఇప్పుడు సగం కూడా జ్ఞాపకం లేదు. కానీ ఆ ఏడు మొదలుకుని, గెలల ట్రాక్టరు మీద వచ్చే ఎవరో ఒకరితో పెద్దయ్య నాకు కబురు పంపేవాడు, పండుగైంది, ఇగ తిను సారూ అని. ఆ కబురు అందేదాకా నేనూ మామిడి ముట్టేవాణ్ణి కాదు. మా ఆవిడ నవ్వేది, మా పాస్టరు గారు కూడా నవ్వేవారు, నేను మాత్రం ఆగేవాణ్ణి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు శివరాత్రి వెళ్లకముందే ఖమ్మం బజారులో పండ్లు వచ్చేస్తున్నాయి. ఇక తినమని చెప్పేవాళ్లు లేరు కాబట్టి, ఎప్పుడు పడితే అప్పుడు తింటున్నాను.