సర్దారు బిళ్ళ ఇంకా రాలేదు

పోయిన నెలలో ఒక మంగళవారం ఆరో తరగతికి ఒత్తులు చెబుతుంటే ఫోను వణికింది. "సర్దారు పోయిండు." అంతే ఉంది. పంపింది మా ఆటో తమ్ముడు, సొంత తమ్ముడు కాదు, ఆటో నడుపుతాడు. రైల్వే గేటు పడి పది నిమిషాలు ఆలస్యమైనా పేజీడు సంజాయిషీ పంపే మనిషి రెండు మాటలతో ఆపేశాడు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, హెడ్మాస్టరు గదికి వెళ్ళి సెలవు అడిగాను.

"ఎవరమ్మా, దగ్గరి చుట్టమా?" అన్నాడాయన.

ఇదివరకైతే పెద్దబాపు అనో మేనమామ అనో అల్లేదాన్ని. అబద్ధాలు అల్లడంలో నాకు మంచి అనుభవమే ఉంది. ఆ రోజు అల్లబుద్ధి కాలేదు. "కాదు సార్. మనసు బాగలేక ఆసుపత్రిలో గ్రూపు థెరపీకి పోయేదాన్ని. ఆయన కూడా అదే గ్రూపుల ఉండె" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఫ్యాను వైపు చూసి, చీటీ మీద 'బంధువు మరణం' అని రాసుకున్నాడు. సరే, ఆయన చీటీ ఆయనిష్టం. అసలు సంగతి నేను ఇక్కడ రాస్తున్నాను, అందరూ చదువుకోండి.

సర్దారు అనగానే తలపాగా గుర్తొస్తుందేమో. అది కాదు. మా మంచిర్యాల చుట్టుపక్కల బొగ్గు గనుల్లో, మా మాటలో బాయిల్లో, అదొక కొలువు. కార్మికుల కంటే ముందు దిగి, చేతికర్రతో బాయి కప్పును కొట్టి చూసి, ఇక్కడ పని చేయొచ్చో లేదో చెప్పాల్సిన మనిషి. కప్పు గట్టిదైతే ఠంగుమంటుంది. వదులైతే డొల్ల చప్పుడొస్తుంది. ఆ చప్పుళ్ళు వింటూనే ఆయన ముసలివాడై రిటైరయ్యాడు. కాలనీ అంతటికీ ఆయన సర్దారే, మాకూ సర్దారే. పేరుతో ఎవరమూ పిలవలేదు, ఇప్పుడూ పిలవను.

ఆరేళ్ళ కింద నాకు పొద్దున లేవడం చేతకాకుండా పోయింది. కారణమేమిటని అందరూ అడిగేవాళ్ళు. భర్త మస్కట్‌లో ఉన్నా రోజూ ఫోను చేస్తాడు, కూతురు బుద్ధిగా చదువుకుంటుంది, అత్తమ్మ వండి పెడుతుంది, మరి నీకేం తక్కువ? నిజమే, నాకేమీ తక్కువ లేదు. లేవలేకపోతున్నాను, అంతే. జ్వరానికి అడగని కారణం మనసుకు మాత్రం అడుగుతారెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. అత్తమ్మ నన్ను కొండగట్టు అంజన్న గుడికి తీసుకెళ్ళి పదకొండు రోజులు ఉంచింది. అంజన్న మీద నాకే కోపమూ లేదు. అక్కడ ఒక కోతి అత్తమ్మ చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుని, ఆమె ఎదురుగానే కూర్చుని తింటుంటే ఎన్నో నెలల తరవాత నవ్వాను. "పిల్ల లోపల ఇంక ఉన్నది" అంది అత్తమ్మ. దిగి రాగానే ఆసుపత్రికి కూడా ఆమే తీసుకెళ్ళింది.

పన్నెండు వారాలు, వారానికొక రోజు. తొమ్మిది మందిమి గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. తాగుడు మానలేనివాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు, కొడుకు పోయిన ఒక తల్లి, నేను. సర్దారుది తలుపు పక్క కుర్చీ, దాని పక్కది నాది. ఏడు వారాలు ఆయన నోరు విప్పలేదు. కూర్చునే ముందు మాత్రం చేతికర్రతో గోడను మూడుసార్లు కొట్టి, దానికి చెవి ఆనించి వినేవాడు. మాలో కొందరికి నవ్వొచ్చేది. నాకూ వచ్చింది, దాచడం ఎందుకు.

ఎనిమిదో వారం ఆయన తనంతట తనే మొదలుపెట్టాడు.

"ఒక దినం కప్పు కొట్టిన. ఠంగుమన్నది. మంచిగున్నది, దిగుండ్రి అన్న. గంట కాలే, కూలింది. నా దోస్తు దాని కింద పోయిండు. నీ తప్పు లేదని కాయితం రాసిచ్చిండ్రు. కాయితం జూస్తె చెవి ఊకుంటదా? నా చెవి అబద్ధం జెప్పింది. ఇప్పుడు ఇంట్ల గోడలు, కప్పు కొట్టి సూసుకోనిది నాకు కన్ను మూతవడది. నా కొడుకు పరేషానై ఈడికి తోలుకచ్చిండు."

మా గ్రూపులోనే ఉన్న ఆటో తమ్ముడు తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి ఆయన పక్కన వేసుకున్నాడు. అప్పటికి అతను తాగుడు మాని అయిదు వారాలు.

పన్నెండో వారం గ్రూపు నడిపే మేడమ్ కోర్సు పూర్తయిందని చెప్పింది. వచ్చే వారం నుంచి ఆ గది కొత్తవాళ్ళది. "మీరు మాత్రం ఒకరినొకరు వదలకండి" అని కూడా అంది. మంచి మాటే, కానీ ఎక్కడ కలవాలి? ఆసుపత్రి మెట్ల మీద ఎటు పోవాలో తెలియక నిలబడ్డాం. అప్పుడు సర్దారు గొంతు సవరించుకున్నాడు. "బాయిల దింపుడు అయిపాయె. పైకి ఎక్కిచ్చుడు ఎవలు జూస్తరు?" అన్నాడు. వారం తిరక్కుండానే కాలనీలో మూతపడ్డ రీడింగ్ రూము తాళంచెవి తన పేరు మీద తెచ్చాడు. బూజులు మేమే దులిపాం. గోడలు ఆయనే కొట్టి చూశాడు.

ఆ గదిలోకి మొదట వచ్చిన సామాను మేకులు కొట్టిన ఒక చెక్క పలక. బాయిలో దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక తెచ్చి దాని మేకుకు తగిలిస్తాడు. షిఫ్టు అయిపోయాక మేకు ఖాళీగా ఉందంటే ఎవరో ఇంకా లోపల ఉన్నట్టు. సర్దారు పాత ఇత్తడి పళ్ళెం కోయించి మాకూ బిళ్ళలు చేశాడు. నాది నాలుగో నంబరు. తనది నంబరు లేని బిళ్ళ, చిట్టచివరి మేకు. సర్దారు అందరి కంటే ముందు దిగుతాడు, అందరి కంటే వెనక ఎక్కుతాడు, అది బాయి పద్ధతి.

"వారమంత మనం బాయిల ఉన్నట్టే. ఐతారం పైకచ్చినట్టు. మేకు ఖాళీగ ఉంటె అందరం గా ఇంటికి పోవాలె. అన్ని బిళ్ళలు పైకి రానిది తలుపు మూయద్దు" అని ఆదివారాల పద్ధతి చెప్పాడు. మళ్ళీ తనే అన్నాడు, "బాయిల దిగుడు తప్పు కాదు. ఎక్కిరాలేదన్న సంగతి ఎవలకు తెల్వకపోవుడు తప్పు."

కోర్సు అయిపోయింది కదా, ఇంకా ఎందుకు పోతున్నావు అని మస్కట్ నుంచి అడిగేవాడు మా ఆయన. మంచిగైనవాళ్ళు కూడా ఆ గుంపు పట్టుకుని వేలాడితే నలుగురూ ఏమనుకుంటారని మా అక్క. ఆ నలుగురూ అనుకున్నది ఒకరోజు రీడింగ్ రూము తలుపు మీదే కనిపించింది. ఎవరో బొగ్గుతో 'పిచ్చోళ్ళ పంచాయితీ' అని రాసిపోయారు. నేను ఏడుపుముఖంతో తడిగుడ్డ తెచ్చాను. సర్దారు ఆపాడు.

"ఉండనియ్ బిడ్డా. అడ్రస్ రాసిండ్రు. అచ్చేటోళ్ళకు దొరుకుతది."

నిజంగానే దొరికింది. ఆ రాత చదివి, అయితే ఇది తన చోటేనని లోపలికి వచ్చినవాళ్ళు ఇద్దరు. వాళ్ళూ వీళ్ళూ చెప్పగా ఇంకో ముగ్గురు చేరి, తొమ్మిది మందిమి పద్నాలుగు మందిమి అయ్యాం. ఆ అక్షరాలు వానకు పోతే మేమే మళ్ళీ బొగ్గుతో దిద్దుకున్నాం.

ఆదివారాలు పెద్దగా ఏమీ జరిగేది కాదు. అందరం వచ్చి ఎవరి బిళ్ళ వాళ్ళు తగిలించేవాళ్ళం, మాట్లాడుకునేవాళ్ళం, పోతూ మళ్ళీ తీసుకుపోయేవాళ్ళం. సర్దారు పాలు లేని చాయ్ కాచి, చక్కెర మాత్రం పెళ్ళివారికి పోసినట్టు పోసేవాడు. ఎలా ఉన్నావంటే 'మంచిగున్న' అని చెబితే ఒప్పుకునేవాడు కాదు. "ఠంగుమన్న కప్పే కూలింది బిడ్డా. సరిగ జెప్పు" అనేవాడు. అప్పుడు చెప్పక తప్పేది కాదు.

ఇక నా తప్పు రాయాలి. రెండేళ్ళ కింద ఎండాకాలం సెలవుల్లో నేను మళ్ళీ దిగిపోయాను. అత్తమ్మా కూతురూ ఆసిఫాబాద్‌లో పెళ్ళికి వెళ్ళారు. మూడు రోజులు మంచం దిగలేదు. బతకాలని లేదు. ఇంతకంటే ఎక్కువ చెప్పను, తక్కువా చెప్పను. శనివారం ఆటో తమ్ముణ్ణి పిలిచి, జ్వరమని చెప్పి, నా బిళ్ళ అతని చేతికిచ్చాను. రేపు తగిలించు, ఊరికే అందరికీ శ్రమ ఎందుకు అన్నాను. బిళ్ళ మేకుకు ఉంటే ఎవరూ రారు. నాకు కావలసింది అదే. తమ్ముడు మంచివాడు కాబట్టి తీసుకెళ్ళి తగిలించాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. చేత్తో కొట్టినవి కావు.

"బిడ్డా, జర చాయ్ పోస్తవా?"

"జ్వరం సర్దారూ. మీరు పోండ్రి."

"మాట డొల్లగ అస్తున్నది" అన్నాడు బయటినుంచి. "బిళ్ళలు లెక్కకు సరిపోయినయ్, మనుషులే ఒకలు తక్కువున్నరు. బిళ్ళ పైకచ్చి మనిషి రాకపోవుడేంది? నేను ఈడనే కూసుంట. నాకేం పని లేదు."

ఆ ఎండలో గడప మీద రెండు గంటలు కూర్చున్నాడు. నాకు మంచి మాటలేమీ చెప్పలేదు. దారిన పోయేవాళ్ళతో కూరగాయల ధరలు మాట్లాడాడు. ఒకరి తరవాత ఒకరు మావాళ్ళంతా వచ్చి చేరడం వినిపిస్తూనే ఉంది. చివరికి సిగ్గేసో కోపమొచ్చో లేచి తలుపు తీశాను. పాలు విరిగిపోయి ఉన్నాయి. పాలు లేని చాయ్ పదమూడు మందికి కాచాను. అంతమందికి గ్లాసులు లేక గిన్నెల్లో పోశాను.

తమ్ముడు తల దించుకుని ఏడుస్తున్నాడు. "బాయిల గిట్ల జేస్తె కొలువు పోతది" అని ఒక్కసారి కసిరి, సర్దారు నా బిళ్ళ నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ఇంకోల చేతికి ఇయ్యకు. చేతగాకుంటె తేకు. నువ్వు తేకుంటె మేమే అస్తం. మేకు ఉన్నదే గందుకు."

తెల్లారి ఆసుపత్రికి నాతో ఆయనే వచ్చాడు. మందులు మళ్ళీ మొదలయ్యాయి, ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఈ రెండేళ్ళలో మూడు ఆదివారాలు బిళ్ళ తీసుకుపోలేకపోయాను. మూడుసార్లూ వచ్చారు.

ఆ మంగళవారం పొద్దున సర్దారు చాయ్ తాగుతూ కుర్చీలోనే పోయాడట. మేం వెళ్ళేసరికి వాకిట్లో చుట్టాలు. ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "ఆసుపత్రి సంగతి ఈడ ఎత్తకుండ్రి, ఇజ్జత్ పోతది" అన్నాడు. సర్దారు కొడుకు విననట్టు నేల చూశాడు. ఇంతలో ఎవరో ముసలామె, "మీరు ఆయనకు ఏమైతరు బిడ్డా?" అని అడగనే అడిగింది.

"ఆసుపత్రి గ్రూపోళ్ళం అవ్వా" అన్నాను, వాకిలంతా వినేలా. "మనసు కరాబై బాయిల పడ్డోళ్ళం. ఆయన పైకి తెచ్చిండు." ఇజ్జత్ పోయేది ఉంటే మాదే పోనీ అనుకున్నాను. ఏమీ పోలేదు. ముసలామె నా చెంప నిమిరింది. ఆడవాళ్ళు ఇక్కడే ఆగాలన్నారు. ఆగలేదు. గోదావరి దాకా నడిచాం.

ఆదివారం రీడింగ్ రూముకు మాకంటే ముందే కాలనీ వాచ్‌మన్ వచ్చి ఉన్నాడు. ఆయనా బాయిలో పనిచేసి రిటైరైన మనిషే. కొత్త తాళం చేతిలో ఉంది. "తాళంచెవి సర్దారు పేరు మీద ఉండె. ఆయన లేకపాయె. ఇయ్యాల్టితోటి బంద్ జెయ్యుమన్నరు. మీ ముచ్చట కానియ్యుండ్రి, అయినంక ఏస్త" అని బయట నిలబడ్డాడు. ఆయన తప్పేముంది, చెప్పిన పని చేస్తున్నాడు. మా పదమూడు బిళ్ళలూ తగిలించాం. చివరి మేకు వైపు ఎవరమూ చూడలేదు.

అప్పుడు సర్దారు కొడుకు వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. పిడికిలి విప్పితే నంబరు లేని బిళ్ళ. "బాపు అంగీ జేబుల ఉండె. ఈడనే ఉండాలె గదా అని తెచ్చిన" అంటూ పలక దగ్గరికి నడిచాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"వద్దు తమ్మీ. ఒకల బిళ్ళ ఇంకొకలు తగిలియ్యద్దు. మీ బాపు పెట్టిన రూలే."

"మరి దీన్ని నేనేం జెయ్యాలె అక్కా?"

"నీ దగ్గరనే పెట్టుకో. జర కూసో."

తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎలా ఉన్నావని ఆటో తమ్ముడు అడిగాడు. "మంచిగున్న" అన్నాడు. మేమెవరమూ ఒప్పుకోలేదు. చాలాసేపటికి సరిగా చెప్పాడు.

పన్నెండు దాటాక వాచ్‌మన్ తలుపు దగ్గరికొచ్చి తాళం తెరిచాడు. "ఇగ లేవుండ్రి అమ్మా. తాళమేస్త."

"ఇప్పుడు ఎట్లేస్తవ్ అన్నా?" అన్నాను. "ఒక బిళ్ళ ఇంక పైకి రాలే."

"ఏదీ?"

పలక చివరికి చూపించాను. బాయిలో అన్నేళ్ళు చేసిన మనిషికి ఖాళీ మేకు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాళం ఆయన చేతిలో తెరిచే ఉంది.