బత్తాయి తోట బోరులో జారిన చూడీ

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, ఎండాకాలం. నల్లగొండలో నేను మోటార్ల రిపేరు షాపు పెట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. వానలు మొహం చాటేయడంతో ఊరూరా బోర్లు ఎండిపోతున్నాయి, మాకు మాత్రం తిండి తినే తీరిక లేదు. రైతుకు కరువొస్తే బోరు మెకానిక్కుకు పండగ అని జనం దెప్పేవాళ్లు. పండగేమో గానీ, రోజూ ఎవరో ఒకరు నా ముందు కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు.

మా పని తెలియనివాళ్లకు ముందు ఒక మాట చెప్పాలి. త్రెడ్డు అనగానే అందరికీ దారమే గుర్తొస్తుంది. మనకు దారానికి పేర్లు తక్కువా? బట్టలు కుట్టేది దారం, మగ్గం మీదది నూలు, అందులో ఒక్కొక్కటీ పోగు, బస్తా మూతి కట్టేది సుతిలి. మా షాపులో మాత్రం త్రెడ్డు అంటే పైపు కొసకు మెలి తిరుగుతూ కోసిన గాడి. దాన్నే మేం చూడీ అంటాం. ఉర్దూలో చూడీ అంటే గాజు. పైపు కొసను చూస్తే నిజంగానే మణికట్టుకు వరుసగా గాజులు తొడిగినట్టు ఉంటుంది. రెండు పైపులను సాకెట్‌లో పట్టి ఉంచేది ఆ గాడే. కింద వేలాడే మోటారు, పైపులు, వాటిలోని నీళ్లు, అంతటి బరువూ దాని మీదే.

ఒకరోజు షట్టరు తీస్తుండగానే దేవరకొండ తోవలోని ఒక ఊరి నుంచి యాదమ్మ వచ్చింది. "అన్నా, మోటరు బోర్ల పడ్డది. నువ్వు ఇప్పుడే రావాలె" అంది.

"ఇయ్యాల రెండూర్లు ఒప్పుకున్న చెల్లె. రేపొస్త."

"అయితే రేపటిదాంక గిక్కడనే కూసుంట" అని మెట్ల మీద కూర్చుంది. బతిమాలడం లేదు, ఏడవడం లేదు. గిరాకీలు ఆమెను దాటుకుని లోపలికి రావలసి వచ్చింది. కాసేపటికి నాకే సిగ్గనిపించి, నాతో పనిచేసే సైదులును పిలిచి మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ ఆటోలో వేయించాను.

యాదమ్మ వాళ్లు ఒకప్పుడు కూలి మీద బతికినవాళ్లే. అత్తకు సర్కారు ఇచ్చిన చెలకలో మొగుడూ పెళ్లాం కలిసి బత్తాయి పెట్టారు. చెట్లు మొదటి కాపు మీదున్నాయి. రెండు బోర్లలో ఒకటి అప్పటికే ఎండిపోయింది, నీళ్లున్నది ఇదొక్కటే. పడిన మోటారు తీయకపోతే బోరే పోయినట్టు, ఎందుకంటే దాన్ని దాటి మరో మోటారు దించలేం. నీళ్లు లేకపోతే ఆ ఎండకు తోట నిలవదు.

బోరులో పైన మిగిలిన పైపులు లాగాం. చివరి పైపు కింద సాకెట్ ఖాళీగా వచ్చింది. వేలు పెట్టి చూస్తే లోపల సుతిలి ఉండ, దానికి పట్టించిన తెల్ల రంగు ముద్ద, అదే సఫేదా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జాయింటు కారకుండా చూడీ మీద సుతిలి చుట్టి సఫేదా పూయడం మా దగ్గర అందరూ చేసేదే. కానీ చూడీ అరిగిపోయిన పైపుకు కూడా అదే చుట్టి, వదులు పోయిందిలే అనుకోవడం మన రైతులకే చెల్లింది.

"గీ పైపు ఎవరు దించిండ్రు?" అన్నాను.

యాదమ్మ భర్త రాములు నసిగాడు. "నేనే, మా వాడకట్టోళ్లను పట్టుకొని దించిన. జర వదులున్నదని సుతిలి గట్టిగ సుట్టిన. సుక్క గూడ కారలేదన్నా!"

"కారకుంటే మోస్తదా? సుతిలి నీళ్లను ఆపుతది గని మోటర్ను ఆపుతదా? మోటరుకు కట్టే తాడేది మరి?"

యాదమ్మ చెప్పింది: "బర్రె తెంపుకుంటున్నదని గా తాడు దానికి కట్టిండు. బర్రె మాత్రం యాడికి పోలే."

సైదులు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది కానీ మింగేశాను. మోటారు ఒట్టి కరెంటు కేబుల్ మీద వేలాడుతోంది. అది తెగితే అంతే సంగతులు.

యాదమ్మ అద్దంతో ఎండను బోరులోకి కొడుతుంటే చూశాం. మోటారుతో పాటు పడిన పైపు మూతి ఒక పక్క గోడకు ఒరిగి ఉంది. ఇలాంటప్పుడు మేం వాడేది ట్యాపు. కొస సన్నగా, పైకి పోనుపోను లావుగా ఉండే ఉక్కు ముక్క, ఒళ్లంతా చూడీ కోసి ఉంటుంది. దాన్ని వేరే పైపులకు బిగించి దించి, పడిన పైపు మూతిలో పెట్టి తిప్పితే తన గాడి తానే కోసుకుంటూ పట్టుకుంటుంది. కానీ మూతిలోకి పోతేగా! ఎన్నిసార్లు దించినా పక్కకు జారిపోయింది. పొద్దు వాలేసరికి చేతులెత్తేశాను.

"ఇడిసిపెట్టు చెల్లె. కొత్త బోరు ఏసుకోండ్రి."

యాదమ్మ అద్దం కింద పెట్టలేదు. "కొత్త దాంట్ల నీళ్లు పడ్తయని నువ్వు జిమ్మ తీసుకుంటవా? నీకు రాకుంటే రాదని చెప్పు, ఇంకోన్ని తోల్కొస్త. మోటరు బయటికి ఎల్లదని మాత్రం చెప్పకు."

ఆ మాట నాకు చుర్రుమని తగిలింది. కోపంతోనే ఇంటికి పోయాను. అన్నం ముందు కూర్చున్నా ఆ ఒరిగిన మూతే కళ్ల ముందు ఆడింది. తెల్లారి తిన్నగా లేతు మిషను దగ్గరికి పోయి, ట్యాపు కింద కొడవలి వంపులాంటి ముక్క వెల్డింగ్ చేయించాను. తిప్పుతుంటే ఆ వంపు పైపును గోడ నుంచి లాగి నడుమకు తేవాలని నా ఆలోచన.

మళ్లీ దించాం. యాదమ్మ ఎండలో అద్దం పట్టుకుని కదలకుండా నిలబడింది. నేను పానాతో మెల్లగా తిప్పాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి చేతికి బిగువు తెలిసింది. కింద మోటారు గోడకు ఆనుకుని ఉండటం మా అదృష్టం, లేకపోతే అదీ ట్యాపుతో పాటే తిరిగేది. ఇక తిరగదనిపించాక చైన్ లాగమన్నాను.

"మెల్లగ సైదులూ, గుంజకు!"

పైపు మూతి బయటికి రాగానే క్లాంపు బిగించాం. మోటారు నేల మీద పడుకోబెట్టాక రాములు దాని పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా కళ్లు కూడా తడిశాయి, దాచుకోలేదు.

అరిగిన కొసలు కోయించి కొత్త చూడీలు పెట్టించాం. దించేటప్పుడు యాదమ్మ ఒక్కొక్క కొసనూ వేలితో తడిమి, "ఇగ సుట్టు" అన్నాకే సుతిలి చుట్టనిచ్చింది. సాయంత్రానికి బత్తాయి పాదుల్లో నీళ్లు పారాయి.

ఆ తర్వాత నేను చాలా మోటార్లు తీశాను, కొన్ని తీయలేకపోయాను. తీయలేనప్పుడు నాకు చేతకాలేదని ఒప్పుకుంటాను, ఇంకో మెకానిక్ పేరు చెప్తాను. ఇక వదిలేయమని మాత్రం ఎవరికీ చెప్పను. ఆ మాట అనాల్సింది తోట పెంచిన మనిషే.