మా స్టోరేజ్ బాక్సు నన్నే రానీలే

నిన్న నా పరువు ఎట్ల పోయిందో చెప్తాను వినండి. నవ్వకూడదు, ఆఁ!

మా మామ స్పిన్నింగ్ మిల్లులో రిటైర్ అయినారు గదా, సాయంత్రం తెన్కాశి రోడ్డు కల్యాణ మండపంలో ఫంక్షన్. ఆయన పాత ఫోటోలన్నీ చేర్చి నేనొక వీడియో చేసి, ఇంట్లో స్టోరేజ్ బాక్సులో వేసి పెట్టినాను. ఆ బాక్సు మా వైఫైలో ఉంటుంది, ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా తెరవచ్చు. వీడియో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని బయలుదేరడమే పని.

కంప్యూటర్ తెరిస్తే బాక్సే కనబడలే! "నెట్‌వర్క్ పాత్ నాట్ ఫౌండ్" అంటా ఉంది.

రీస్టార్ట్ చేసినాను. ఫైర్‌వాల్ ఆపినాను. బాక్సు వైరు పీకి మళ్ళీ పెట్టినాను. ఊహూఁ! మామ పట్టుపంచె కట్టుకుని వాకిట్లో నిలబడి ఉండారు.

"ఏమ్మా, అయిందా?"

"రెండే నిమిషాలు మామా!" అన్నాను. నాకే నమ్మకం లేదు.

వెతకతా ఉంటే నెట్‌వర్క్ లిస్టులో అక్షరాలు, అంకెలు కలిపిన పేరొకటి కనబడింది. ఓహో, అప్‌డేట్ అయి బాక్సు పేరు మారిపోయి ఉంటుంది! కనెక్ట్ ఇచ్చినాను. రిజెక్ట్! మళ్ళీ ఇచ్చినాను. రిజెక్ట్! నేను కొన్న బాక్సు నన్నే రానీయదా అని రోషం వచ్చింది. టకటకా కొడతానే ఉన్నాను.

అప్పుడే పక్కింటి సరోజత్త చేతిలో రిమోట్‌తో పరుగున వచ్చింది.

"విజీ! కంప్యూటర్ చదివినావు గదా, వచ్చి చూడు! సీరియల్ చూస్తా ఉంటే ఎవడో మా టీవీలోకి దూరను చూస్తా ఉండాడు. నో, నో అని నొక్కి నొక్కి వేలు నొస్తా ఉంది!"

"అయ్యయ్యో, హ్యాకర్ అత్తా! దేన్నీ ముట్టుకోవద్దు" అని పెద్ద ఆఫీసర్ మాదిరి పోయినాను.

టీవీ మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. 'విజి-హోమ్' కనెక్ట్ కావాలంట, అలౌ చెయ్యాలా అంట!

అది మా కంప్యూటర్ పేరు! పోయిన వారం మా నెట్ లైన్ పోయినప్పుడు అత్త దగ్గర వైఫై పాస్‌వర్డ్ అడిగి పెట్టుకున్నాను. మా లైన్ వచ్చేసింది, మా కంప్యూటర్ మాత్రం ఇంకా అత్త వైఫైలోనే కూర్చుని ఉంది! నేను బాక్సు అనుకున్న పేరు అత్త టీవీది!

"విజి అంటే... నువ్వేనా ఏందే?"

"నేనే అత్తా."

ఇంటికి పరుగెత్తి మా వైఫైకి మార్చినాను. బాక్సు ఏమీ జరగనట్టు తెరుచుకుంది.

మండపంలో వీడియో వేసినాము. మామ చిన్న వయసులో మిల్లు గేటు ముందు స్నేహితులతో నిలబడిన ఫోటో వచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఒకటే చప్పట్లు! "ఎవరు చేసినారు?" అని ఎవరో అడిగితే మామ నన్ను చూపించినారు. నేను చీర సర్దుకుని, గొప్పగా లేచి నిలబడినాను.

వెనక వరసలోనుంచి సరోజత్త గొంతు మండపమంతా వినబడింది.

"మంచి పిల్లే! పక్కింటికి రావాలంటే మాత్రం తలుపు తట్టదు, టీవీ తడతుంది!"