రెండో బూర పోశెట్టి

యూరప్ ప్రొఫెసర్లు నన్ను మెచ్చుకున్నారు. ఇప్పుడే నవ్వకండి, టీ ముక్కులోకి పోతుంది. దేనికి మెచ్చుకున్నారో చెప్పాక ఎలాగూ నవ్వుతారు, అప్పటిదాకా దాచుకోండి.

మా జగిత్యాల వైపు బ్యాండుమేళంలో నేను బూర ఊదితే పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం కూడా అడుగు కలిపేది. ఒకసారి పక్కూరి పెళ్లివాళ్లు సొంత బ్యాండును వదిలేసి మా బరాత్ వెనక నడిచి, ఎవరిదో పెళ్లిలో భోంచేసి పోయారు. ఒట్టు! దుబాయి బతుకని బయల్దేరి బహ్రెయిన్‌లో దిగాక చేతికి వ్యాను స్టీరింగ్ వచ్చింది, బూర సీటు కిందికి పోయింది.

ఆ వ్యానులోనే ఈమధ్య వారం పాటు మూర్తిగారింటికి వాళ్లమ్మాయి సాహితి రిహార్సల్ సామాన్ మోశాను. వాళ్లది కాకినాడ. ఇక్కడ జింజ్‌లో ఫ్లాటు, ఆయన ఆఫీసులో పెద్ద మేనేజరు. అమ్మాయి ట్రంపెట్ వాయిస్తుంది, అంటే మన బూరే. దాంట్లో డిగ్రీ అయింది, ఇప్పుడు యూరప్‌లో మాస్టర్స్‌కి అప్లై చేస్తోంది. అయిదుగురు ఇత్తడి వాద్యాలు పట్టుకుని, చెయ్యి ఊపే మాస్టరు లేకుండా, ఒకరినొకరు వింటూ వాయించే చదువట. మూర్తిగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ "బ్రాస్ ఛాంబర్ మ్యూజిక్ అండీ, కన్సర్వేటరీ అండీ" అని సోఫాలో కూర్చోబెట్టి మరీ చెప్తారు. ఊదేది అదే గొట్టం. ఆ పిల్ల ఊదితే కన్సర్వేటరీ, మేం ఊదితే షామియానా వెనక చివరి పంక్తి.

సరే, వీడియో పంపాలి. అయిదుగురూ కనపడాలి, మధ్యలో కోతలు ఉండకూడదు, రికార్డింగ్ పెట్టుకున్న రోజు సాయంత్రమే గడువు. మిగతా నలుగురూ హోటల్లో వాయించే ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు. అందులో రెండో ట్రంపెట్ అబ్బాయిని పొద్దున్నే డ్యూటీకి పిలిచారు. పోయాడు.

సాహితి సోఫాలో కూలబడింది. "ఇది పోతే నాన్న నన్ను బ్యాంకులో పెట్టేస్తారు అంకుల్. ఇక ట్రంపెట్ గోడకి తగిలించుకోడమే."

నేను లేచి వ్యానులోంచి నా బూర తెచ్చాను. "ఫికర్ జెయ్యకు బిడ్డా. నేనున్న గద!"

"మీరు నోట్స్ చదవగలరా అంకుల్?"

"గా చీమల బారు నాకెందుకు? వారం సంది మీ రిహార్సల్ ఇంటున్న. ఒక్కపారి ఇంటే పోశెట్టి చెవి ఇడవదు!" అని రెండో ట్రంపెట్ మొత్తం నోటితో పాడి వినిపించాను. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. మూర్తిగారు మాత్రం, "ఏవయ్యా పోశెట్టీ, ఇది పెళ్లి ఊరేగింపు కాదు, కాస్త గుర్తుపెట్టుకో" అన్నారు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

మొదలైంది. నేనెంత బాగా వాయించానంటే ఫ్రిజ్ తన గుర్రు ఆపుకుని విన్నది. కాసేపటికి ఒక్కొక్కరే తగ్గారు, నా వంతూ అయిపోయింది. ట్రాంబోన్ కుర్రాడొక్కడే సన్నగా లాగుతున్నాడు. రిహార్సల్లోనూ అలాగే లాగేవాడు, నేను వినేవాణ్ణి. కానీ అప్పుడు నా చేతిలో బూర లేదు! మా మేళంలో ఒకడి ఊపిరి అయిపోతే పక్కవాడు అందుకోవాలి. బరాత్‌లో చప్పుడు ఆగిందా, పెళ్లికొడుకు మేనమామ వచ్చి కాలర్ పట్టుకుంటాడు. పాపం, పిల్లగాణ్ణి ఒంటరిగా వదిలేశారే అనిపించింది. అందుకున్నాను.

అందుకోవడమంటే అలాంటిలాంటిది కాదు. బరాత్ పెళ్లికూతురి గుమ్మం ముందుకొచ్చినప్పుడు ఊదే ఊదుడు! ట్యూబా కుర్రాడికి హోటల్ అలవాటేమో, బుంబుంబుం అని కలిపేశాడు. జింజ్ మొత్తం కిటికీలు తెరుచుకున్నాయి. కింద వాచ్‌మన్ భాయ్ రెండు చేతులూ పైకెత్తి గిరగిరా తిరుగుతున్నాడు. మూర్తిగారి భార్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, "ఎవరిదండీ పెళ్లి?" అంది.

సాహితి ట్రంపెట్ ఒళ్లో పెట్టుకుంది. "అంకుల్, అక్కడ తనొక్కడే వాయించాలి. మీరు వినాలి."

"చేతుల బూర వట్టుకొని సప్పుడు జెయ్యకుంట కూసునుడా? గట్ల కూసుంటే మాకు బువ్వ వెట్టకపోదురు బిడ్డా!"

"ఆ ఖాళీ కూడా సంగీతంలో భాగమే అంకుల్."

ఉత్తగా కూర్చోవడం నేర్చుకోడానికి యూరప్ దాకా పోవాలా అని అడగబోయాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి మింగేశాను.

మళ్లీ మొదలుపెట్టాం. ఎన్నో ఏళ్ల తర్వాత అంత ఊదుడు ఊదానేమో, నా పెదవి పూరీలా పొంగింది. బూరలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు, పంక్చరైన సైకిలు ట్యూబులా! "ఖలాస్" అన్నాడు ట్రాంబోన్ కుర్రాడు. మూర్తిగారు నన్ను చూసిన చూపుకి గదిలో ఏసీ అక్కర్లేకపోయింది.

సాహితి కళ్లు తుడుచుకుని కాగితాలు తిరగేసి, నెమ్మదిగా నడిచే ఇంకో పాట తీసింది. అందులో రెండో ట్రంపెట్‌కి పని చాలా తక్కువ, ఆ కాస్తా హార్న్ వాయించే అబ్బాయి అందుకుంటానన్నాడు.

"అయిదుగురూ కనపడాలి కదా, మీరు కూర్చుంటే చాలు అంకుల్. ఊదొద్దు, కాలు ఆడించొద్దు. వినండి. యల్లా, మొదలుపెడదాం!"

కూర్చున్నాను. జూలై ఎండలో నువైద్రాత్ రోడ్డు మీద ఏసీ పాడైన వ్యాను నడిపినవాణ్ణి నేను. దీని ముందు అది షికారు! వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. చెమట కారుతోంది. ట్రాంబోన్ ఒంటరైన ప్రతిసారీ ప్రాణం విలవిల్లాడింది. కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి, ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చాను.

వీడియో వెళ్లింది. మొన్న ఇంటర్వ్యూ అయింది. సీటొచ్చింది!

మూర్తిగారు నయీమ్‌లో నా రూముకి మిఠాయి డబ్బా పట్టుకుని స్వయంగా వచ్చారు. నా ఇనప మంచం మీద కూర్చుని, "పోశెట్టిగారూ, ప్రొఫెసర్లు మీ గురించి అడిగారట" అన్నారు. గారూ!

"ఏమన్నరు సార్?"

"రెండో ట్రంపెట్ పట్టుకున్న ఆ పెద్దాయన తోటివాళ్లని ఎంత లీనమై వింటున్నాడో చూశాం, అలా వినడం మా విద్యార్థులకి నేర్పడానికి మాకు ఏళ్లు పడుతోంది అన్నారట."

ఆయన మెట్లు దిగీ దిగకముందే మా ఆవిడకు ఫోన్ చేసి, ఈ మాటకి మరి నాలుగు మాటలు కలిపి చెప్పాను. అంతా విన్నది.

"లగ్గమైన కాడ్నుంచి నేను మొత్తుకునేది గదే గద," అంది. "జర నోరు మూస్కొని కూసుంటే మంచిగ కనవడ్తవని. నా మాట ఇననోనివి, ఆళ్ల మాటెట్ల ఇన్నవ్?"