చౌరస్తాలో ఇటలీ బొమ్మ

భీమయ్య తాపీ పట్టాడంటే సిమెంటు కూడా మాట వింటుందనేవాళ్లు. ఏం లాభం? మేడిపల్లిలో జానెడు భూమి లేని ఇంట్లో పుట్టి, కోరుట్లలో ఊరందరి గోడలూ కట్టి, తాను మాత్రం రేకుల కింద బతికాడు.

తొంభైల్లో చౌరస్తాలో ఫౌంటెన్ పని దొరికింది. కాంట్రాక్టరు పాత క్యాలెండర్ కాగితం చేతిలో పెట్టాడు. ఇటలీలో ఏదో ఊరి నడిబొడ్డున వందల ఏళ్లనాటి ఫౌంటెన్ అట. గుండ్రటి పళ్లెం, నడుమ కుండ ఒంపుతున్న రాతి ఆడమనిషి. "గిట్లనే కావాలె" అన్నాడు. తీరా చూస్తే కాగితం మడతపడి ఆమె ముఖం చెరిగిపోయింది. అప్పటికి భీమయ్య భార్య సాయమ్మ పోయి మూడు నెలలు. బీడీలు చుట్టీ చుట్టీ దగ్గుతో చనిపోయింది. ఒక్క ఫోటో అయినా లేదు. అందుకని ఆమె ముఖమే పెట్టాడు, పెదవి కింద గదవ మీది మూడు పచ్చబొట్టు చుక్కలతో సహా. ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లకే మోటారు కాలిపోయి నీళ్లు ఆగాయి. భీమయ్య మాత్రం రోజూ గట్టెక్కి బొమ్మ ముఖం తుడిచి పనికి పోయేవాడు. "కాకా, ఇటలీ సుట్టం మంచిగున్నదా?" అని మేం చౌరస్తా కుర్రాళ్లం ఏడిపించేవాళ్లం.

రెండువేల పదకొండులో ప్రత్యేక తెలంగాణ కోసం అక్కడే మా దీక్షల టెంటు. భీమయ్యా మాతో కూర్చునేవాడు. హైదరాబాదులో ఉద్యమకారులు ఆంధ్రోళ్ల విగ్రహాలు కూల్చిన మర్నాడు మా టెంటు నడిపే మనోహర్‌కు పూనకం వచ్చింది.

"చేతిల కుండ సూడుండ్రి! గిది తెలుగుతల్లే! ఆంధ్రోళ్లు మన నెత్తిన పెట్టిండ్రు!"

ఇన్నేళ్లూ ఇటలీ చుట్టమని నవ్విన మేమే ఆ నిమిషాన నమ్మాం. తాడు తెచ్చాం. భీమయ్య అడ్డం పడ్డాడు.

"వద్దురా! గది మా సాయమ్మరా! గదవ మీద పచ్చబొట్టు సూడుండ్రిరా!"

"ముసలోనికి మతి పోయింది" అని పక్కకు ఈడ్చారు. తాడు లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. థూ, నా బతుకు! బొమ్మ బోర్లా పడింది. జై తెలంగాణ అని అరిచాం. పొద్దున మాతో కలిసి భీమయ్య అరిచిందీ అదే.

తెలంగాణ వచ్చింది. అదే దిమ్మె మీద తెలంగాణ తల్లిని నిలపాలని మనోహర్ నన్ను వెంటేసుకుని భీమయ్య ఇంటికి పోయాడు.

"ముఖం ఎట్లుండాలె?" అడిగాడు భీమయ్య.

"మనింట్ల ఆడామె లెక్కుండాలె కాకా."

భీమయ్య పెట్టెలోంచి గుడ్డమూట తీసి విప్పాడు. సిమెంటు గదవ ముక్క, దాని మీద మూడు చుక్కలు.

"గసొంటామెనే ఉండె. మీరే పలగ్గొట్టిండ్రు. మిగిలిన ముఖం నాకిప్పుడు యాదికొస్తలేదు. పోండ్రి."