వంకాయ మీద మోపిన నేరం

ప్రొబేషన్ ఆఫీసరు ఎలిజబెత్‌గారి నోటికి బెజవాడ కోర్టులో ప్లీడర్లు కూడా జడిసేవారు. తప్పు చేసిన పిల్లల్ని కోర్టు ఆమెకి అప్పగిస్తే, వాళ్ళకో నీడ, ఓ పని చూపించడం ఆమె ఉద్యోగం. డెబ్బై నాలుగులో అలా చేతికొచ్చిన పిల్ల మాణిక్యం. పదిహేనేళ్ళది, అమ్మానాన్నా లేరు. సినిమా హాలు ముందు బ్లాకులో టిక్కెట్లు అమ్ముతూ, పట్టుకోబోయిన కానిస్టేబులు చెయ్యి కొరికింది.

పిల్లని ఇంట్లో పెట్టుకోమని ఎలిజబెత్‌గారు తమ చర్చి పెద్దల్ని అడిగారు. వాళ్ళు అప్పటికప్పుడు మోకరించి ప్రార్థన చేశారు గానీ, పడుకోడానికి ఒక్కరూ చాప పరవలేదు. చివరికి గాంధీనగరంలో మెస్సు నడిపే సంపూర్ణమ్మ ఒప్పుకుంది. ఒకప్పుడు నాటకాల్లో వేషాలు కట్టిన మనిషి.

మేజిస్ట్రేటు కళ్ళజోడు సవరించుకున్నారు. “ఆవిడ నడవడిక ఎలాంటిదమ్మా?”

“మంచి నడవడిక ఉన్నవాళ్ళందర్నీ అడిగొచ్చానండీ. ఎవరూ తలుపు తియ్యలేదు.”

ఆయన దగ్గుతూ సంతకం పెట్టారు.

నెల తిరక్కుండానే పిల్ల పారిపోయింది. ఆ సంగతి కోర్టుకి చెబితే దాన్ని పిల్లల జైలుకి తోసేస్తారు. ఎలిజబెత్‌గారు చెప్పలేదు. ఊళ్ళన్నీ గాలించి, ఉయ్యూరు బస్టాండులో వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటే జుట్టు పట్టుకున్నారు.

“ఎందుకే పారిపోయావు?”

“రోజూ వంకాయ కూరే వండుద్దండీ.”

“నిజం చెప్పవే గాడిదా! వంకాయకి జడిసే మొహమా అది?”

మాణిక్యం భోరుమంది. మెస్సులో తినే వెంకటకృష్ణారావుగారి వాచీ పోయిందట. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ తనవైపు చూశారంతే.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి వాచీ ఆయన బనీను జేబులోనే దొరికింది.

“పోన్లెండి, దొరికిందిగా” అన్నాడాయన, పప్పు కలుపుకుంటూ.

సంపూర్ణమ్మ ఆయన ముందు విస్తరి లాగేసింది. “పిల్లతో చెప్పండి, తప్పైందని. ఆ తర్వాతే పప్పు” అంది నాటకాల గొంతుతో. భోజనాలన్నీ ఆగిపోయాయి. ఎలిజబెత్‌గారు నెయ్యి గిన్నె కూడా దూరంగా జరిపారు.

“తప్పైపోయిందమ్మా” అన్నాడాయన, ఎంగిలిచెయ్యి గాల్లోనే పెట్టుకుని.

ఇంకెవరితోనైనా అన్నాడేమోనని మాణిక్యం వెనక్కి తిరిగి చూసింది. జన్మలో తనతో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

ఆ తర్వాత బుద్ధిమంతురాలైందని కాదు. సంపూర్ణమ్మతో రోజూ పోట్లాటే. కానీ మళ్ళీ గడప దాటి పారిపోలేదు. కోర్టు పెట్టిన గడువు తీరిన రోజున ఎలిజబెత్‌గారు మెస్సుకొచ్చి, “ఇంక నీ ఇష్టమే, ఎక్కడికైనా పోవచ్చు” అన్నారు.

“ఎక్కడికి పొమ్మంటారండీ? ఇంతమందికి అన్నం ఎవరు వారుస్తారు, మీరా?” అని విసుక్కుంది మాణిక్యం.

ఎలిజబెత్‌గారు ఎదురు మాట్లాడకుండా పీట లాక్కుని అన్నానికి కూర్చున్నారు.